సిరీస్‌లో ఉన్న లిథియం బ్యాటరీలను బ్యాలెన్స్ చేయడం: ఇంటి సోలార్ వ్యవస్థకు సమగ్ర మార్గదర్శి

ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం, బ్యాటరీలు దాదాపు నిండే వేళకు ఇన్వర్టర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపటికి దానంతటదే మళ్లీ పనిచేస్తుంది. లేదంటే మానిటర్ ఇంకా 30 శాతం చూపిస్తుండగానే రాత్రి సరఫరా తెగిపోతుంది. నాలుగు 12 వోల్టుల లిథియం బ్యాటరీలను సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను తర్వాతిదాని మైనస్‌కు) కలిపి 48 వోల్టుల వ్యవస్థ నడిపేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలా సందర్భాల్లో బ్యాటరీలు చెడిపోవు. నాలుగింటి ఛార్జి మట్టం ఒకటిగా లేకపోవడమే అసలు సమస్య. ఆ మట్టాన్ని సమం చేయడమే బ్యాలెన్స్ చేయడం.

ఇక్కడ చెప్పే అంకెలన్నీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) బ్యాటరీలకే వర్తిస్తాయి. ఇతర రకాల లిథియం బ్యాటరీల వోల్టేజీలు వేరు, వాటికి ఈ అంకెలు వాడకండి. మీ బ్యాటరీతో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

## 1. పానా పట్టుకునే ముందు తెలియాల్సినవి

మొదటిది. ‘12 వోల్టుల’ ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ ఒక్కొక్కదానిలో నాలుగు సెల్స్, ఒక బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఉంటాయి. ఆ బీఎంఎస్ తన డబ్బాలోని నాలుగు సెల్స్‌ను మాత్రమే చూసుకుంటుంది. పక్క డబ్బా నిండిందో లేదో దానికి తెలియదు. నాలుగు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటే నాలుగు బీఎంఎస్‌లదీ ఎవరికి వారే యమునా తీరే. ‘బీఎంఎస్ ఉంది కదా, అదే బ్యాలెన్స్ చేస్తుంది’ అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ఛార్జర్‌కు కనిపించేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. 56.8 వోల్టులంటే నాలుగూ 14.2 దగ్గర ఉండవచ్చు. మూడు 13.9 దగ్గర ఉండి, నాలుగోది 15.1కి చేరి ఉండవచ్చు కూడా. రెండో సందర్భంలో ఆ నాలుగో బ్యాటరీ బీఎంఎస్ రక్షణ కోసం తెగిపోతుంది, అంటే కరెంటు దారిని మూసేస్తుంది. సిరీస్ కాబట్టి దానితో పాటు వరుస మొత్తం తెగుతుంది. మధ్యాహ్నపు ట్రిప్‌కు కారణం ఇదే.

రెండోది మరింత ముఖ్యం. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ రేఖ మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది. సుమారు 20 నుంచి 90 శాతం ఛార్జి మధ్య సెల్ వోల్టేజీ 3.2–3.35 పరిధి దాటదు. అందుకే 40 శాతం ఉన్న బ్యాటరీ, 60 శాతం ఉన్న బ్యాటరీ మీటరుకు ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది పైఅంచున, అంటే సెల్ 3.4 వోల్టులు దాటాక. బ్యాలెన్స్ చూడాల్సిందీ, చేయాల్సిందీ అక్కడే. తెల్లవారుజామున నాలుగూ 13.1 చూపించాయని సంతోషించి ప్రయోజనం లేదు.

దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు (ఒక బ్యాటరీకి / నాలుగింటికి):

- ఛార్జింగ్ గరిష్ఠ హద్దు: 14.6 / 58.4 వోల్టులు
- రోజువారీ ఛార్జింగుకు సరిపోయేది: 14.2 / 56.8
- ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ): 13.5 / 54.0
- నిండాక కొన్ని గంటల విశ్రాంతి తర్వాత: 13.3–13.5 / 53.2–54.0
- ఇన్వర్టర్ ఆపాల్సిన కింది హద్దు: 12.0 / 48.0

## 2. ఇది నిజంగా బ్యాలెన్స్ సమస్యేనా?

రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేయకుండా ఉండాలంటే ఈ పరీక్షకు ఒక రోజు కేటాయించండి. మల్టీమీటరుతో నాలుగు బ్యాటరీల వోల్టేజీని మూడు వేళల్లో రాసుకోండి: ఛార్జింగ్ చివరి అరగంటలో, కరెంటు ఏమీ పారనప్పుడు, రాత్రి లోడ్ మీద ఛార్జి అడుగుకు వచ్చినప్పుడు.

మీటరు మొనలను బ్యాటరీ టెర్మినల్ లోహం మీదే పెట్టాలి. కేబుల్ లగ్గు (కేబుల్ చివర ఉండే లోహపు కొస) మీద గాని, బోల్టు తల మీద గాని పెట్టకూడదు.

ఆ మూడు వరుసల అంకెలు చూస్తే విషయం తెలిసిపోతుంది.

ఛార్జింగ్ చివర ఒక బ్యాటరీ ఎక్కువ, అడుగున మాత్రం అది తక్కువ కాదు. ఆ బ్యాటరీ మిగతావాటి కంటే ముందుంది, అంతే. ఇది అసలైన అసమతుల్యత. ఈ మార్గదర్శి దానికోసమే.

ఛార్జింగులో అందరికంటే ముందు పైకి ఎగబాకేదీ అదే, డిశ్చార్జిలో ముందుగా పడిపోయేదీ అదే. దాని కెపాసిటీ తగ్గింది. బ్యాలెన్స్ చేస్తే కొన్నాళ్లు లక్షణాలు కనిపించకపోవచ్చు గాని, పోయిన కెపాసిటీ తిరిగి రాదు.

కరెంటు పారుతున్నప్పుడు తేడా ఉంది, ఆపగానే మాయమైంది. కనెక్షన్‌లోనో, బ్యాటరీ లోపలో నిరోధం పెరిగింది. 2 మిల్లీఓమ్‌ల చెడ్డ జాయింటు మీదుగా 50 ఆంపియర్లు పారితే 0.1 వోల్టు అక్కడే పోతుంది. వదులు బోల్టును బిగిస్తే సరిపోయే చోట బ్యాటరీలన్నీ ఊడదీసేవారు తక్కువేమీ కాదు. లోడ్ ఉన్నప్పుడు టెర్మినల్‌కూ దాని లగ్గుకూ మధ్య వోల్టేజీ కొలవండి. ఒక జాయింటు మిగతావాటికంటే ఎక్కువ చూపిస్తే ముందు దాన్ని విప్పి, శుభ్రం చేసి, బిగించండి.

ఎంత తేడాను పట్టించుకోవాలి? ఛార్జింగ్ చివర, 14 వోల్టుల దగ్గర, బ్యాటరీల మధ్య 0.1–0.2 వోల్టు ఉంటే కంగారు అక్కర్లేదు. తేడా అర వోల్టు దాటినా, ఏ ఒక్కటైనా 14.6ను మించినా కింది పనికి దిగండి.

## 3. సామాన్లు, జాగ్రత్తలు

48 వోల్టులంటే షాక్ పెద్దగా కొట్టదని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ భయపడాల్సింది షార్ట్ సర్క్యూట్‌కు. పానా జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే లోహం కరిగేంత కరెంటు పారుతుంది. ప్యానెళ్ల వైపు వైర్లలో వందల వోల్టులు ఉండవచ్చు, వాటి జోలికి అసలు వెళ్లకండి. ఈ రెండు వాక్యాలు చదివి చేయి వెనక్కి తీసుకోవాలనిపిస్తే అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మంచిది.

- రెండు దశాంశ స్థానాలు చూపే డీసీ మల్టీమీటరు
- డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు
- ఎల్‌ఎఫ్‌పీ కోసమే తయారైన 14.4 లేదా 14.6 వోల్టుల ఛార్జరు (100 ఏహెచ్, అంటే ఆంపియర్-గంటల, బ్యాటరీకి 10–20 ఆంపియర్లది)
- పిడికి టేపు చుట్టిన లేదా ఇన్సులేటెడ్ పానాలు, వీలుంటే టార్క్ పానా
- కళ్లద్దాలు, పొడి చేతి తొడుగులు
- ఒకే పొడవు, ఒకే మందం ఉన్న పారలల్ కేబుళ్లు (ప్లస్‌లను ప్లస్‌లతో, మైనస్‌లను మైనస్‌లతో కలిపేవి)
- టెర్మినళ్లకు మూతలు లేదా మందపాటి రబ్బరు ముక్కలు
- మార్కర్, కాగితం, ఫోను కెమెరా

ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసేయండి. ఇప్పుడున్న వైరింగును ఫొటో తీసి, బ్యాటరీల మీద 1, 2, 3, 4 అని రాయండి. సీసం బ్యాటరీల కోసం చేసిన పాత ఛార్జరులో డీసల్ఫేషన్, ఈక్వలైజేషన్ అనే ఎక్కువ వోల్టేజీ దశలుంటాయి. దాన్ని ఈ పనికి వాడవద్దు.

## 4. వ్యవస్థను ఆపే క్రమం

1. ఇన్వర్టర్ మీద ఉన్న లోడ్లన్నీ ఆపండి.
2. సోలార్ ప్యానెళ్ల ఐసొలేటర్‌ను (వాటిని విడదీసే స్విచ్‌ను) ఆపండి. గ్రిడ్ లేదా జనరేటర్ నుంచి వచ్చే ఛార్జింగ్ ఉంటే అదీ ఆపండి.
3. ఇన్వర్టర్ స్విచ్ ఆపండి.
4. చివరగా బ్యాటరీ బ్రేకర్ ఆపి, కరెంటు సున్నా అయిందని క్లాంప్ మీటరుతో చూడండి.

ప్యానెళ్లను ముందు తీయడం ఎందుకు? చాలా ఛార్జ్ కంట్రోలర్లకు బ్యాటరీ లేకుండా ప్యానెల్ మాత్రమే ఉండటం పడదు. ఛార్జింగ్ జోరు మీదున్నప్పుడు బ్యాటరీని లాగేస్తే కంట్రోలర్ ఔట్‌పుట్ వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. బీఎంఎస్ తెగినప్పుడు జరిగేదీ ఇదే కాబట్టి ఆ మధ్యాహ్నపు ట్రిప్పులను చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

## 5. ఒక్కొక్క బ్యాటరీని పూర్తిగా నింపడం

పనిలో ముప్పాతిక భాగం ఇదే, తక్కినదంతా తుది మెరుగు.

ఛార్జరు ఔట్‌పుట్ ఎర్త్‌తో సంబంధం లేనిదైతే సిరీస్ లింకులు విప్పాల్సిన అవసరం కూడా లేదు. బ్రేకర్ ఆపి ఉంచి, ఛార్జరును ఒక బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు మాత్రమే తగిలించి నింపి, తర్వాత రెండోదానికి మార్చుకుంటూ వెళ్లవచ్చు. ఛార్జరు గురించి ఏమాత్రం అనుమానం ఉన్నా లింకులు విప్పేయండి.

1. బ్యాటరీ ఉష్ణోగ్రత 0 డిగ్రీల పైన ఉండాలి. గడ్డకట్టే చలిలో ఎల్‌ఎఫ్‌పీని ఛార్జి చేస్తే సెల్ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది.
2. ముందు అన్నిటికంటే వెనకబడిన బ్యాటరీతో మొదలుపెట్టండి.
3. వోల్టేజీ 14.4కి చేరాక ఆపకండి. కరెంటు తగ్గుతూ 100 ఏహెచ్ బ్యాటరీకి 2–3 ఆంపియర్ల కిందికి వచ్చేదాకా ఉంచండి.
4. తర్వాత ఇంకో గంట అదే వోల్టేజీలో ఉంచండి. ఆ డబ్బాలోని నాలుగు సెల్స్‌ను బీఎంఎస్ సమం చేసుకునే సమయం ఇది.
5. ఛార్జరు తీసి, సమయం, ముగింపు కరెంటు రాసుకోండి. నాలుగింటికీ అదే ఛార్జరు, అదే ముగింపు కరెంటు పాటించాలి.

మధ్యలో ఛార్జింగ్ ఒక్కసారిగా ఆగిపోయి, ఛార్జరు మీద వోల్టేజీ ఎగిరిందా? లోపలి సెల్ ఒకటి ముందుగా హద్దు దాటింది. అప్పుడు 14.0 వోల్టులకు తగ్గించి గంటల తరబడి ఉంచండి. తేడా పెద్దదైతే ఇది ఓపిక పరీక్షే. బీఎంఎస్‌లు సాధారణంగా 30 నుంచి 150 మిల్లీఆంపియర్లతో మాత్రమే బ్యాలెన్స్ చేస్తాయి. 100 ఏహెచ్ సెల్స్‌లో ఒకటి 5 శాతం ముందుంటే ఖర్చు చేయాల్సింది 5 ఏహెచ్. 50 మిల్లీఆంపియర్లతో అది 100 గంటల పని. రోజూ ఎండలో పైఅంచున గడిచేది ఒకటి రెండు గంటలే కాబట్టి సోలార్ మీదే వదిలేస్తే రెండు మూడు నెలలు పట్టవచ్చు.

## 6. పారలల్‌లో కలిపి సమం చేయడం

ముందుగా సిరీస్ లింకులన్నీ తీసేశారా? మళ్లీ చూడండి. ఒక్క సిరీస్ లింకు మిగిలి ఉండగా పారలల్ కేబుల్ తగిలిస్తే అది నేరుగా షార్ట్. ఈ పని మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం ఇది. లింకులను విప్పి వదిలేయకుండా, వేరే గదిలో పెట్టి రమ్మంటాను.

1. నాలుగు మైనస్‌లను ఒకదానితో ఒకటి కలపండి.
2. మొదటి బ్యాటరీ ప్లస్‌కు కేబుల్ బిగించండి. రెండో చివరను రెండో బ్యాటరీ ప్లస్‌కు తగిలించేముందు ఆ ఖాళీ మధ్య వోల్టేజీ కొలవండి.
3. తేడా 0.1 వోల్టు లోపు ఉంటేనే కలపండి. ఎక్కువుంటే తక్కువ ఉన్నదాన్ని మరికాసేపు ఛార్జి చేయండి. మొత్తం నిరోధం 5 మిల్లీఓమ్‌లే అనుకుంటే, 0.4 వోల్టు తేడాకు 80 ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి.
4. అలాగే మూడోది, నాలుగోది.
5. ఛార్జరు ప్లస్‌ను మొదటి బ్యాటరీకి, మైనస్‌ను చివరి బ్యాటరీకి తగిలించి 14.4 దగ్గర ఉంచండి. మొత్తం కరెంటు 2–3 ఆంపియర్ల కిందికి వచ్చాక గంట ఆగి తీసేయండి.

ఛార్జరు లేకుండా ఊరికే పారలల్‌లో కలిపి రాత్రంతా వదిలేస్తే చాలని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. విశ్రాంతిలో అన్నీ 13.3–13.4 దగ్గరే కూర్చుంటాయి. వాటి మధ్య వోల్టేజీ తేడా లేనప్పుడు కరెంటు ఎందుకు పారుతుంది? సగం ఛార్జిలో ఉన్న బ్యాటరీలను అలా కలిపితే ఎన్ని రోజులైనా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

## 7. తిరిగి సిరీస్‌లో కలపడం

1. పారలల్ కేబుళ్లన్నీ తీసేయండి. ప్లస్‌లు ముందు, మైనస్‌లు తర్వాత.
2. టెర్మినళ్లను, లగ్గులను శుభ్రం చేయండి. లగ్గు నేరుగా టెర్మినల్ లోహానికి తగలాలి, మధ్యలో వాషర్ రాకూడదు.
3. ఫొటో చూసి సిరీస్ లింకులు బిగించండి. బిగువు ఎంతన్నది బ్యాటరీ పుస్తకంలో ఉంటుంది.
4. బ్రేకర్ వేయకముందే మొత్తం వోల్టేజీ, పోలారిటీ కొలవండి. 53–55 మధ్య ఉండాలి. 40 చూపిస్తే ఒక బ్యాటరీ బీఎంఎస్ తెగి, నిద్రలో ఉందని అర్థం.
5. ఇన్వర్టర్ లోపల పెద్ద కెపాసిటర్లుంటాయి. బ్రేకర్ వేయగానే మెరుపు రాకుండా, సుమారు 50 ఓమ్‌లు, 25–50 వాట్ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు బ్రేకర్ రెండు వైపులకూ తాకించి కెపాసిటర్లను నింపి, ఆ వెంటనే బ్రేకర్ వేయండి.
6. తర్వాత ఇన్వర్టర్, ఆపైన ప్యానెళ్ల ఐసొలేటర్, చివరగా లోడ్లు. ఆపిన క్రమానికి ఇది తలకిందులు.

## 8. ఛార్జరు సెట్టింగులు

ఇవి సరిగా లేకపోతే ఇంత శ్రమా కొన్ని వారాల ముచ్చటే.

- అబ్సార్ప్షన్ (ఛార్జింగ్ చివర నిలిపి ఉంచే పై వోల్టేజీ): 56.8 వోల్టులు, 1 నుంచి 2 గంటలు
- ఫ్లోట్: 54.0
- ఈక్వలైజేషన్: పూర్తిగా ఆఫ్
- ఉష్ణోగ్రత సవరణ: సున్నా (ఇది సీసం బ్యాటరీల కోసం పెట్టింది)
- లో వోల్టేజీ కటాఫ్: 48.0
- 0 డిగ్రీల కింద ఛార్జింగ్ ఆపే అమరిక ఉంటే: ఆన్

బ్యాలెన్స్ చేశాక మొదటి వారం అబ్సార్ప్షన్‌ను 56.0కి తగ్గించి సమయాన్ని పెంచమని నా సలహా. అంటే సెల్‌కు 3.5 వోల్టులు. బీఎంఎస్ బ్యాలెన్సింగుకు అది చాలు, అదే సమయంలో ఏ బ్యాటరీ కొంచెం ముందుకెళ్లినా ట్రిప్ కాకుండా చోటుంటుంది. నాలుగూ కలిసి నడుస్తున్నాయని తేలాక 56.8కి వెళ్లండి.

## 9. ఈక్వలైజర్ పెట్టుకోవాలా?

సిరీస్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీల మధ్య ఛార్జిని అటూ ఇటూ చేరవేసే చిన్న పరికరం ఇది. ఒకసారి చేత్తో బ్యాలెన్స్ చేశాక, మళ్లీ మెల్లగా వచ్చే తేడాను ఆపడానికి బాగా పనికొస్తుంది. 20 శాతం తేడాను సరిచేయమని దాని నెత్తిన వేస్తే మాత్రం చేయలేదు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి: ఒక నిర్ణీత వోల్టేజీ దాటాకే పనిచేసేదాన్ని ఎంచుకోండి. అన్నివేళలా పనిచేసే రకం, లోడ్ మీద నిరోధం వల్ల వచ్చే తేడాను చూసి అసమతుల్యత అనుకుని, ఛార్జిని తప్పు దిశలో తోయగలదు.

బిగించేటప్పుడు ప్రతి వైరుకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. పరికరానికి తగిలించే ముందు వైర్ల చివర్లలో వోల్టేజీ వరుసగా సుమారు 13, 26, 39, 52 వస్తోందో కొలవండి. వరుస తప్పితే పరికరం అక్కడికక్కడే కాలిపోతుంది.

## 10. ఒకే 51.2 వోల్టుల ప్యాక్, విడి సెల్స్ ఉంటే

16 సెల్స్‌కూ ఒకే బీఎంఎస్ ఉన్న ప్యాక్ అయితే పై తంటా చాలావరకు లేదు. 56.0 దగ్గర ఎక్కువసేపు ఉంచి, యాప్‌లో సెల్ వోల్టేజీలు చూస్తూ ఉండండి. కొత్తగా వ్యవస్థ పెట్టేవారికి నేను చెప్పేది కూడా ఇదే: నాలుగు 12 వోల్టుల డబ్బాల కంటే ఇలాంటి ఒక 51.2 వోల్టుల ప్యాక్ నయం.

విడి సెల్స్‌తో సొంతంగా కట్టేవారు ముందు సిరీస్‌లో, బీఎంఎస్‌తో నింపి, తర్వాతే పారలల్‌లో 3.65 వోల్టుల వద్ద సమం చేయాలి. 280 ఏహెచ్ సెల్స్ 16 పారలల్‌లో కలిపితే 4,480 ఏహెచ్. ఖాళీ నుంచి 10 ఆంపియర్లతో నింపాలంటే 448 గంటలు. ఆలస్యమవుతోందని పవర్ సప్లై వోల్టేజీని 3.65 పైకి తిప్పకండి, సెల్స్ ఉబ్బిపోయేది అక్కడే.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఒక బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసుకోవడం. రౌటరు, చిన్న లైటు కోసం వరుసలో ఒక డబ్బాకు వైర్లు తగిలిస్తారు. 10 వాట్ల లోడ్ రోజుకు దాదాపు 19 ఏహెచ్ ఆ ఒక్క బ్యాటరీ నుంచే లాగుతుంది. ఏ బ్యాలెన్సింగూ దీనికి తట్టుకోలేదు. 48 నుంచి 12 వోల్టులకు మార్చే డీసీ కన్వర్టర్‌ను మొత్తం వరుస మీద పెట్టండి.

పాతవాటి మధ్య కొత్త బ్యాటరీ. కెపాసిటీ, బీఎంఎస్ తత్వం, వయసు కలవవు. తప్పనిసరైతే అదే మోడల్ తీసుకుని, 5, 6 భాగాల్లో చెప్పిన పని తప్పక చేయండి. అందుబాటులో ఉండే కెపాసిటీ పాతవాటిదే.

సిరీస్ హద్దు చూడకపోవడం. కొన్ని 12 వోల్టుల బ్యాటరీలను రెండింటికి మించి సిరీస్‌లో కలపకూడదు, కొన్నింటిని అసలే కలపకూడదు. ఒక బీఎంఎస్ తెగినప్పుడు మొత్తం వరుస వోల్టేజీ దాని మీదే పడుతుంది. అనుమతి లేని బ్యాటరీలను ఎంత బ్యాలెన్స్ చేసినా క్షేమం కాదు.

సున్నా చూపిస్తే చెడిపోయిందనుకోవడం. బీఎంఎస్ రక్షణ కోసం తెగి ఉండవచ్చు. లిథియం బ్యాటరీని నిద్రలేపే సదుపాయమున్న ఛార్జరుతో ప్రయత్నించండి. సెల్ వోల్టేజీలు చూడగలిగితే, 2 వోల్టుల కిందికి పడిపోయిన సెల్ ఉన్న బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జి చేయవద్దు. ఉబ్బినదాన్ని కూడా.

ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆపడం. ఆయుష్షు పెరుగుతుందన్నది నిజమే. కానీ పైఅంచుకు వెళ్లనిదే బ్యాలెన్సింగ్ జరగదు. కనీసం రెండు వారాలకోసారి పూర్తిగా నింపి ఒకటి రెండు గంటలు ఉంచండి.

## 12. ఆ తర్వాత గమనించాల్సినవి

- మొదటి వారం: రోజూ ఛార్జింగ్ చివర నాలుగు వోల్టేజీలు
- మొదటి నెల: వారానికోసారి
- తర్వాత: నెలకోసారి, అదే వోల్టేజీ, అదే కరెంటు దగ్గర
- ఆరు నెలలకోసారి: బోల్టుల బిగువు, లోడ్ మీద జాయింట్ల వేడి

అంకెలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. తేడా నెలకు కొద్దికొద్దిగా పెరిగితే అది సహజమైన స్వీయ డిశ్చార్జి తేడా, ఈక్వలైజర్‌తో సరిపోతుంది. రెండు మూడు వారాల్లోనే అదే బ్యాటరీ మళ్లీ అర వోల్టు పక్కకు జరిగితే ముందు దానికి ఏదైనా దొంగ లోడ్ ఉందేమో వెతకండి. లోడ్ లేదంటే దాన్ని విడిగా నింపి, తెలిసిన లోడ్‌తో ఖాళీ చేసి ఎన్ని ఏహెచ్ ఇస్తోందో కొలవండి. చెప్పిన కెపాసిటీకి చాలా తక్కువ వస్తే ఆ కొలతల కాగితంతో వారంటీకి వెళ్లండి.